రాతి గొడుగుల కింద కొత్త పాట

ఇంగ్లండు చూడబోయిన మనవాళ్లు సాధారణంగా లండనులో గడియార స్తంభమూ, రాజభవనమూ, మ్యూజియమూ చూచుకొని తిరిగి వచ్చేస్తారు. పిల్లల దగ్గరికి వెళ్లినవారైతే వాళ్ల ఇళ్లూ, అంగళ్లూ చూచి వస్తారు. ఇకముందు వెళ్లబోయేవారు ఒక్క సాయంత్రం వీలు చేసుకొని కేంబ్రిడ్జి కూడా వెళ్లి రావలసిందని మా మనవి. చదువుల ఊరన్న పేరు మనకందరికీ తెలిసిందే. అయితే మేము చెప్పబోయేది చదువు సంగతి కాదు, పాట సంగతి. ఆ ఊళ్లో ఒక పాతకాలపు రాతి మందిరంలో కొన్ని వందల యేళ్లుగా పాట ఆగకుండా సాగుతోంది. అందులోకి ఏటేటా ఒక కొత్త పాట వచ్చి చేరుతోంది. ఆ కొత్త పాటలు కట్టినవారిలో ఆడవారు ఉండడం మాకు మరీ ఆశ్చర్యమనిపించింది. ఎందుకో ముందుముందు మనవి చేస్తాము.

లండనులో కింగ్స్ క్రాస్ అనే స్టేషనులో రైలెక్కితే గంట తిరిగేలోపే కేంబ్రిడ్జి చేరవచ్చు. స్టేషను నుంచి ఊరి నడిబొడ్డుకు మైలు పైచిలుకు నడక. ఊరు చిన్నది. వీధుల నిండా సైకిళ్లు. ఊరి వెనుకగా కామ్ అనే చిన్న నది పారుతుంది. మన వంశధారనో తుంగభద్రనో తలచుకొని వెళితే అది కాలువలా కనిపిస్తుంది. ఏటి అవతల పచ్చికబయలులో ఎండాకాలం ఆవులు మేస్తూ ఉంటాయి. ఆ పచ్చికలో నిలబడి ఇటు చూస్తే నాలుగు మూలలా నాలుగు బురుజులతో పొడుగాటి రాతి కట్టడం ఒకటి కనిపిస్తుంది. అదే కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరం.

ఈ కళాశాలను 1441లో ఆరవ హెన్రీ అనే రాజు స్థాపించాడు. అప్పటికాయన ఇరవై యేళ్లు నిండని కుర్రవాడు. మందిరానికి 1446లో శంకుస్థాపన చేశాడు గాని, కట్టడం పూర్తి కావడం ఆయన చూడలేదు. సింహాసనం కోసం దాయాదుల యుద్ధాలు వచ్చాయి. ఆయన రాజ్యమూ పోయింది, ప్రాణమూ పోయింది. పని ఆగుతూ సాగుతూ, రాజులు మారుతూ, 1515 నాటికి గాని రాతి పని ముగియలేదు. అంటే శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డ డెబ్బై యేళ్ల ముసలివాడయ్యాడన్న మాట.

లోపలికి అడుగుపెట్టిన మనిషి ముందు తలెత్తి చూస్తాడు. ఎత్తు ఎనభై అడుగులు, పొడవు మూడు వందల అడుగులకు కొంచెమే తక్కువ. వెడల్పు మాత్రం నలభై అడుగులే. పైకప్పంతా రాయి. అయితే అది రాయిలా కనిపించదు. రెండు ప్రక్కల స్తంభాల నుంచీ సన్నని రాతి ఈనెలు పైకి లేచి, విసనకర్రలు విప్పినట్లు, వెదురు గొడుగులు తెరిచినట్లు పరుచుకొని, నడుమ ఒకదానినొకటి తాకుతాయి. ఈ తరహా కప్పులలో లోకంలోకెల్లా పెద్దది ఇదేనంటారు. జాన్ వాస్టెల్ అనే స్థపతి దీనిని 1512 మొదలుకొని మూడే మూడేళ్లలో నిలబెట్టాడట. ఇరుప్రక్కలా నిలువెత్తు రంగు అద్దాల కిటికీలు. రెండవ ప్రపంచయుద్ధంలో బాంబులకు భయపడి ఈ అద్దాలను ఊడదీసి దాచి, యుద్ధం ముగిసిన తరువాత మళ్లీ అమర్చారు. నడుమ నల్లని కొయ్య తెర ఒకటి అడ్డంగా నిలబడి ఉంటుంది. దానిమీద ఎనిమిదవ హెన్రీ పేరులోని మొదటి అక్షరమూ, ఆయన భార్య యాన్ బోలీన్ పేరులోని మొదటి అక్షరమూ చెక్కి ఉన్నాయి. ఆ రాణిని 1536లో ఆయనే శిరచ్ఛేదం చేయించాడు. ఆమె అక్షరం మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

పగటిపూట మందిరం చూడడానికి టిక్కెట్టు కొనాలి. సాయంకాలపు పాట ప్రార్థనకు మాత్రం రుసుము లేదు. ఏ మతంవారైనా వెళ్లి కూర్చోవచ్చు. ఎవరూ ఏమీ అడగరు. కెమెరాలు తీయకూడదు, మాట్లాడకూడదు, అంతే. కళాశాల నడుస్తున్న రోజుల్లో దాదాపు ప్రతి సాయంత్రమూ ఈ పాట ఉంటుంది. సెలవుల్లో ఉండదు కాబట్టి ముందుగా విచారించుకొని వెళ్లడం మంచిది.

మాతో మా పెద్దక్కయ్య కూడా వచ్చింది. బరంపురంలో నలభై యేళ్లుగా పిల్లలకు కీర్తనలు, మంగళహారతులు నేర్పుతున్న మనిషి. పరాయివారి గుడిలో మనకేం పని అని మొదట కొంచెం సందేహించింది. కొయ్య తెర దాటి లోపల బెంచీమీద కూర్చున్న తరువాత, గాయకులు రెండు బారులుగా వచ్చి ఎదురెదురుగా నిలబడ్డారు. ముందు వరుసలో చిన్న పిల్లలు, వెనుక యువకులు. అటువైపు వారొక చరణం, ఇటువైపు వారొక చరణం అందుకొంటూ ఉంటే అక్కయ్య మా చెవిలో, “మన భజన గోష్ఠి లాగే ఉందిరా” అన్నది. ఆ పైన ఆమెకు సందేహం లేదు.

ఆ మందిరంలో పాట వినడం ఒక వింత అనుభవం. పాడేవారు నోరు మూసిన తరువాత కూడా పాట కొంతసేపు పైన తిరుగుతూ ఉంటుంది. నూతిలోకి తొంగిచూచి కేకవేస్తే బదులు వచ్చినట్లు కాదు. ధూపం వేసిన తరువాత పరిమళం గదిలో నిలిచినట్లు. అందువల్ల అక్కడికి పాట కట్టేవారికి ఒక చిక్కు ఉంది. గబగబా స్వరాలు మార్చుకొంటూ పోతే ఒకదానిమీద ఒకటి పడి అంతా గజిబిజి అవుతుంది. మరీ నిదానంగా పోతే ముద్దకట్టినట్లవుతుంది. ఎక్కడ ఆపాలి, ఎంతసేపు ఆపాలి అన్నది తెలిసినవారే ఆ గోడలకు పాట కట్టగలరు. మన సంగీతంలో ఒకే రాగాన్ని పట్టుకొని ఒక గొంతు విస్తరిస్తుంది. వాళ్ల బృందగానంలో నాలుగైదు గొంతులు ఒకేమారు వేర్వేరు స్వరాలు పట్టుకొని, అన్నీ కలిసి ఒక రంగు తెస్తాయి. కాబట్టి చెవికి కొంచెం అలవాటు కావాలి. రెండు మూడు మార్లు వింటే చాలు.

పాట ముగిసి బయటికి వచ్చేటప్పుడు అక్కయ్య అడిగింది: “ఒరే తమ్ముడూ, గొంతులు దివ్యంగా ఉన్నాయి. కాని అంతమందిలో ఆడపిల్ల ఒక్కతీ లేదేమిరా?”

అడగవలసిన మాటే. రాజు నాడు వ్రాయించిన శాసనంలోనే పదహారు మంది బాలురు పాడాలని ఉంది. ఆ పదహారు సంఖ్య నేటికీ అలాగే ఉంది. వారికి తోడు కళాశాలలో చదివే యువకులు పాడతారు. ఆడపిల్లలు గాయకులుగానే కాదు, విద్యార్థులుగా కూడా ఆ కళాశాలలో చాలాకాలం లేరు. 1441లో పెట్టిన కళాశాల 1972లో గాని ఆడపిల్లలను చేర్చుకోలేదు. ఐదు వందల ముప్ఫై యేళ్లు! ఇప్పుడు సోమవారాలు పాడేది వేరే బృందం. దానిలో యువతులూ, యువకులూ కలిసి పాడతారు. అది 1997లో ఏర్పడింది. మేము సోమవారం కూడా వెళ్లి విన్నాము. అక్కయ్య ఆనాడు తృప్తిగా తల ఊపింది.

“సరే, పాడేవాళ్ల సంగతి అలా ఉంచు. పాట కట్టేవాళ్లలోనైనా ఆడవాళ్లున్నారా?” అన్నది. దానికి జవాబే జూడిత్ వియర్.

ఈమె 1954లో ఆ కేంబ్రిడ్జిలోనే పుట్టారు. తల్లిదండ్రులు స్కాట్లండువారు. అంటే ఒక రకంగా మనలాగే, పెద్దల ఊరు ఒకటి, తాము పెరిగిన ఊరు ఒకటి. చిన్నప్పుడు ఓబో అనే ఊదు వాద్యం నేర్చుకొన్నారు. మన నాదస్వరానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. బడిలో ఉండగానే జాన్ టావెనర్ అనే స్వరకర్త దగ్గర కొంత అభ్యసించారు. తరువాత, ఆడపిల్లలకు తలుపు తెరిచిన ఆ తొలి సంవత్సరాలలోనే కింగ్స్ కళాశాలలో చేరి, రాబిన్ హాలొవే వద్ద స్వరరచన నేర్చి, 1976లో పట్టం పుచ్చుకొన్నారు. తాను చదివిన కళాశాల మందిరంలో పాడే బృందంలో ఆమెకు చోటు లేదు. కాని తొమ్మిదేళ్లు తిరిగేసరికి ఆ బృందం ఆమె కట్టిన పాట పాడింది. ఆ కథ చెప్పాలంటే క్రిస్మసు ముందటి సాయంత్రం సంగతి చెప్పాలి.

ఏటా డిసెంబరు 24వ తేదీ మధ్యాహ్నం ఆ మందిరంలో తొమ్మిది పాఠాలు, వాటి నడుమ పాటలు అనే ప్రార్థన జరుగుతుంది. బైబిలు నుంచి తొమ్మిది భాగాలు చదువుతారు. చదువుకూ చదువుకూ మధ్య పాటలు. దీనికి మూలం 1880లో ట్రూరో అనే ఊళ్లో ఉంది. కింగ్స్‌లో మొదలైనది 1918లో, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన నెలన్నరకు. ఎరిక్ మిల్నర్ వైట్ అనే మతాధికారి యుద్ధభూమిలో సైనికుల మధ్య పనిచేసి వచ్చినవాడు. కళాశాల పిల్లలు ఎందరో తిరిగి రాలేదు. ఆ దుఃఖంలో మనుషులకు ఊరట కలిగించే ప్రార్థన ఒకటి కావాలని ఆయన దీనిని ఏర్పాటు చేశాడు. 1928లో రేడియో వారు ప్రసారం మొదలుపెట్టారు. అప్పటినుంచి ఒక్క 1930లో తప్ప ప్రతి సంవత్సరమూ ప్రసారమవుతోంది. కిటికీలకు అద్దాలు లేని యుద్ధకాలంలో కూడా ఆగలేదు.

ఇలాంటి ప్రార్థనకు ఒక ప్రమాదం ఉంది. అందరికీ ప్రియమైపోయినది ఎవరినీ ముట్టనివ్వదు. ఏటా అవే పాటలు, అదే వరుస. ఎవరైనా ఒకటి మారిస్తే దేశమంతా నొచ్చుకొంటుంది. 1982లో బృందనాయకుడైన స్టీఫెన్ క్లియోబరీ ఈ సంగతి ఆలోచించాడు. పాతవి అలాగే ఉంచుతూ, 1983 మొదలుకొని ఏటా ఒక కొత్త పాట కట్టించి పాడించడం మొదలుపెట్టాడు. మూడవ యేడు, అనగా 1985లో, ఆ పని ముప్ఫై ఒక్క యేళ్ల జూడిత్ వియర్‌కు అప్పగించాడు. ఆ వరుసలో స్త్రీ కట్టిన మొదటి పాట అదే.

ఆమె ఎంచుకొన్న సాహిత్యం ఇప్పటి ఇంగ్లీషు కాదు. తన పెద్దల నేల అయిన స్కాట్లండులో ఐదు వందల యేళ్ల కిందట పాడుకొన్న పాత స్కాటు మాటలు. పల్లవి మాత్రం లాటిను. పాట పేరే ‘ఇల్యుమినారే, జెరూసలేం’. జెరూసలేమా, వెలుగొందుము అని దాని భావం. నక్షత్రం చూచి ముగ్గురు రాజులు బాలుడిని వెతుక్కొంటూ వచ్చే కథ. పాట మొత్తం మూడు నిమిషాలకు మించదు. చరణాలలో పిల్లల గొంతులు తేలికగా, చెణుకులుగా, గంతులు వేసినట్లు పోతాయి. పల్లవి వచ్చినప్పుడు మాత్రం ఆర్గను అడుగునుండి బరువైన స్వరం ఒకటి పలుకుతుంది. తక్కిన సమయాలలో ఆర్గను దాదాపు మౌనం. చీకటి గర్భాలయంలో హారతి వెలిగించినప్పుడు ఒక్కమారుగా మూర్తి కనిపించినట్లు, ఆ అడుగు స్వరంతో ‘వెలుగొందుము’ అన్న మాట కనిపిస్తుంది. ఎంత తక్కువ సరుకుతో ఎంత పని చేయించారో చూడండి! ఆ పాట ఒక్క సంవత్సరంతో పోలేదు. దేశదేశాల గాయక బృందాలు క్రిస్మసుకు దానిని పాడుకొంటున్నాయి.

తరువాత ఆమెకు పెద్ద పెద్ద గౌరవాలు దక్కాయి. చార్లెస్ రాజు కాలంలో, 1626లో, ఏర్పడిన ఆస్థాన సంగీత పదవి ఒకటి ఆ దేశంలో ఉంది. దాదాపు నాలుగు వందల యేళ్లు ఆ పదవిలో పురుషులే ఉన్నారు. 2014లో ఎలిజబెత్ రాణీగారు ఆ పదవిని జూడిత్ వియర్‌కు ఇచ్చారు. పదేళ్లు నిర్వహించారు. 2018లో ఆ తొమ్మిది పాఠాల ప్రార్థనకు నూరేళ్లు నిండినప్పుడు కొత్త పాట మళ్లీ ఆమెనే కట్టమన్నారు. ఈమారు బృందానికి తోడుగా ఒక్క చెల్లో వాద్యం మాత్రం పెట్టారు. 2022 సెప్టెంబరు 19న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో రాణీగారి అంత్యక్రియలు జరిగినప్పుడు, దప్పిగొన్న జింక ఉపమానం గల 42వ కీర్తనకు ఆమె కట్టిన కొత్త వరుసను పాడారు. లోకమంతా టెలివిజనులో చూచింది గాని, అది ఎవరు కట్టినదో అడిగినవారు మనలో తక్కువ. 2024లో ఆమె తరువాత ఆ పదవికి వచ్చిన ఎరోలిన్ వాలెన్ కూడా స్త్రీయే. ఈమె పుట్టింది మధ్య అమెరికాలోని బెలీజ్‌లో.

కింగ్స్ పాటల వరుసలో తరువాత ఇంకా కొందరు స్త్రీలు చేరారు. 2013లో థియా మస్‌గ్రేవ్ కట్టారు. అప్పటికి ఆమెకు ఎనభై ఐదేళ్లు. 2021లో సెసీలియా మెక్‌డొవల్ కట్టారు. 2023 మే నెలలో కొత్త రాజుగారి పట్టాభిషేకంలో రొక్సానా పనూఫ్నిక్ కట్టిన బృందగీతం ఒకటి పాడారు. గాయకులలోనూ మార్పు వస్తోంది. 1991లో సాల్స్‌బరీ దేవాలయంలో ఆడపిల్లలకు వేరుగా గాయక బృందం ఏర్పడింది. 2022లో, కింగ్స్‌కు కొద్ది దూరంలోనే ఉన్న సెయింట్ జాన్స్ కళాశాల బృందంలో బాలికలు బాలురతో కలిసి పాడడం మొదలైంది.

ఇక్కడ మన పాఠకులకు నచ్చే సంగతి మరొకటి ఉంది. జూడిత్ వియర్ మన దేశపు కథలవైపు కూడా చూచినవారు. వాయు నాయుడు అనే భారతీయ కథకురాలితో కలిసి కథాగానం చేసే ప్రదర్శనలు రూపొందించారు. అవి ఇంగ్లండులోనూ, మన దేశంలోనూ జరిగాయి. 2001లో వానరాకను గురించి ఒక వాద్యబృంద రచన చేశారు. భాగవత పురాణంలోని వర్షర్తు వర్ణన దానికి ప్రేరణ. దశమస్కంధంలోని ఆ ఘట్టాన్ని మనవాళ్లు పోతనగారి పద్యాలలో చదువుకొన్నారు. ఎండిన చెట్లు నీరు త్రాగి తేరుకోవడం బృందావనంలోనూ ఒకటే, స్కాట్లండు మనిషికీ ఒకటే.

అక్కయ్య ఇదంతా విని, “ఆడవాళ్లను దూరంగా ఉంచడం వాళ్లకే కాదురా, మనకూ తెలుసు. తిరువయ్యారు మాటేమిటి?” అన్నది. నిజమే. త్యాగరాజస్వామి సమాధికి మందిరం కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆరాధనలో పాడడానికి మాత్రం ఆడవారిని రానివ్వలేదు. ఆమె కలహించి ఊరుకోలేదు. ఆడవారిని కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించారు. 1940 ప్రాంతంలో గాని పక్షాలన్నీ ఒకటి కాలేదు. నేడు ఆ కావేరి ఒడ్డున స్త్రీలూ పురుషులూ కలిసి తెలుగు కీర్తనలు పాడుతూ ఉంటే, ఒకనాడు అలా కాదని ఎవరికి గుర్తుంది? పాత పద్ధతి అని మనం అనుకొనేవాటిలో చాలా భాగం ఎవరో పోరాడి మార్చిన పద్ధతే.

అయితే మా మనస్సులో తిరిగి తిరిగి మెదిలింది ఇంకొకటి. పరాయి ప్రాంతాలలో మూడు నాలుగు తరాలుగా, కొందరం పది తరాలుగా ఉన్న మనం తెలుగును ఎక్కువగా పాటలోనే కాపాడుకొన్నాము. ఉగాదికీ, శ్రీరామనవమికీ పిల్లల చేత అవే పాటలు పాడిస్తాము. పిల్లలు లిపి చదవలేక ఒడియాలోనో, అరవంలోనో, కన్నడంలోనో వ్రాసుకొని పాడతారు. అర్థం సగమే తెలుసు. అయినా పాడతారు. కేంబ్రిడ్జి పిల్లలకు ఆ పాత స్కాటు మాటలు మాత్రం ఏమంత తెలుసు? ఎవరో చెబితే నేర్చుకొన్నారు. పాడగా పాడగా అవి వాళ్ల మాటలైపోయాయి. అర్థం తరువాతనైనా వస్తుంది, ముందు నోటికి రావాలి.

తేడా ఒక్కటే. వాళ్లు పాతదాన్ని కాపాడడానికే కొత్తది కట్టిస్తున్నారు. మనం కాపాడుతున్నాము గాని కట్టించడం లేదు. మన సంఘాల వార్షికోత్సవాలలో మన ఊరిని గురించి, మన ఏటిని గురించి, మన నాన్నమ్మలు మాట్లాడిన మాటతీరులో ఒక కొత్త పాట పాడి ఎన్నాళ్లయింది? బరంపురం తెలుగులో, హోసూరు తెలుగులో, షోలాపురం తెలుగులో, యానాం తెలుగులో ఎన్ని మంచి మాటలు పాటలోకి రాకుండానే పోతున్నాయి!

ఈ మాట రైలులో తిరిగి వస్తూ అక్కయ్యతో అన్నాము. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. “ఏడాదికొకటి కట్టిస్తే అన్నీ త్యాగయ్య కీర్తనలవుతాయా? సగం పాటలు మరునాటికి ఎవరికీ గుర్తుండవు” అన్నది. అదీ నిజమే. కింగ్స్‌లో కట్టించిన పాటలన్నీ మళ్లీ మళ్లీ వినబడడం లేదు. కొన్ని ఒక్క సాయంత్రంతో సరి. కాని ఆ మూడవ యేటి పాట నిలిచింది. ఏది నిలుస్తుందో ముందుగా తెలిస్తే అది ఒక్కటే కట్టించి ఊరుకోవచ్చు. తెలియదు కనుకనే ఏటా కట్టించాలి. కట్టమని అడగాలి. ముఖ్యంగా ఇంతవరకూ అడగనివారిని అడగాలి. అక్కయ్య కాసేపు కిటికీలోంచి చూచి, “అయితే వచ్చే ఉగాదికి మన వీధిలో పద్యాలు వ్రాసే ఆ పిల్లను అడిగి చూద్దాం. వరుస నేను కడతాలే” అన్నది.

కేంబ్రిడ్జి వెళ్లలేనివారికి ఒక మాట. డిసెంబరు 24న వారి మధ్యాహ్నం మూడు గంటలకు ప్రార్థన మొదలవుతుంది. అప్పుడు మనకు రాత్రి ఎనిమిదిన్నర. బి.బి.సి. రేడియో వారు ప్రసారం చేస్తారు. మొదటి పాట ఒక్క బాలుడు, ఏ వాద్యమూ లేకుండా, ఒంటరిగా ఎత్తుకొంటాడు. అది ఏ పిల్లవాడో ఆ క్షణం వరకూ వాళ్లకే తెలియదట. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని వినండి. నడుమ ఎక్కడో ఆ యేటి కొత్త పాట వస్తుంది. అది ఎవరు కట్టారో పేరు చెబుతారు. ఆ పేరు గుర్తు పెట్టుకోమని పిల్లలకు చెప్పండి.